మోదుగ కింద పావుగంట

(ఫాల్గుణ మాసంలో ఒక ఆదివారం, హైదరాబాద్ కేబీఆర్ పార్కుకు పొద్దున నడకకు వచ్చేవారి సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది ముఖాలు నాకు బాగా తెలుసు. పేర్లు తెలియవు. పొద్దున్నే గేటు దగ్గర ఎదురుపడతాం, తలూపుతాం, ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోతాం. పార్కులో చెట్లతో కూడా మనకు ఇంతే పరిచయం. పదేళ్లుగా అదే మలుపులో అదే చెట్టు పక్కనుంచి వెళ్తున్నాం. ముఖం తెలుసు, పేరు తెలియదు. ఎప్పుడు పూస్తుందో, ఏ పిట్ట వచ్చి వాలుతుందో, ఆకులన్నీ ఎప్పుడు రాల్చుకుంటుందో తెలియదు.

నేను మిమ్మల్ని అడగడానికి వచ్చింది ఒక్కటే. గంట నడుస్తారు కదా, ముప్పావుగంట నడవండి. మిగతా పావుగంట నిలబడండి. రోజూ ఒకే చోట, ఒకే చెట్టు కింద, ఫోను జేబులో పెట్టేసి. అంతే.

నాకు ఈ అలవాటు కావాలని అయింది కాదు. కొన్నేళ్ల కిందట మెట్ల మీద జారి మోకాలికి దెబ్బ తగిలింది. డాక్టరు గారు నడవమన్నారు కానీ మధ్యమధ్య ఆగమన్నారు. నేను ఆగే చోట ఒక మోదుగ చెట్టు ఉండేది. అది మార్చి నెల. ఒక్క ఆకు లేదు, కొమ్మలన్నీ కాషాయం. అప్పటికి నేను ముప్పై ఏళ్లు స్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మోదుగ శాస్త్రీయ నామం బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కానీ ఆ చెట్టు కింద కదలకుండా నిలబడటం నా జీవితంలో అదే మొదలు. పది నిమిషాలకు మొదటి తేనెపిట్ట వచ్చింది. ఆ తర్వాత గోరింకలు. ఆ తర్వాత ఒక ఉడుత కొమ్మ చివరిదాకా పాకి, పువ్వును రెండు చేతుల్తో పట్టుకుని, మనం ఐస్‌ఫ్రూట్ చప్పరించినట్టు చప్పరించింది. నేను వచ్చినప్పుడు ఇవన్నీ ఎక్కడో దాక్కున్నాయి. నేను కదలడం మానేశాక నన్ను మర్చిపోయాయి. ఆ మర్చిపోవడానికి పట్టే సమయమే ఆ పది నిమిషాలు. అందుకే పావుగంట అడుగుతున్నాను.

సంచిలో కొన్ని మోదుగ పువ్వులు తెచ్చాను. పార్కులోవి కావు. అది నేషనల్ పార్కు, అందులోంచి రాలిన పువ్వు కూడా తేకూడదు. ఇవి మా వీధి చివర ఖాళీ జాగాలో ఉన్న చెట్టు కిందవి. తలా ఒకటి తీసుకుని వెనక్కి అందించండి. చేతిలో పట్టుకుని చూడండి. కింద నల్లగా మఖ్మల్ లాగా ఉన్నది రక్షకపత్రావళి. వేలితో రాస్తే తెలుస్తుంది, చిన్న దూడ చెవిని తాకినట్టుంటుంది. దాని మీద ఈ కాషాయం. వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పండి, పైన వెండి జలతారులా సన్నటి నూగు కనిపిస్తుంది. దూరం నుంచి చెట్టు మంటలా మెరవడానికి ఆ నూగు కూడా ఒక కారణం. ఇప్పుడు మధ్యలో వంకీ తిరిగిన రేకును చూడండి. పాఠ్యపుస్తకంలో దాన్ని ద్రోణి అంటాం. నాకు మాత్రం అచ్చం చిలుక ముక్కే. మన పూర్వులకూ అలాగే కనిపించింది. సంస్కృతంలో మోదుగను కింశుకం అన్నారు. కిం శుకః, ఇది చిలుకా ఏమిటి, అని. పేరు పెట్టినవాడు ఎవడో గానీ చెట్టు కింద ఆగి చూసినవాడే.

ఆ ద్రోణి లోపలే కేసరాలు దాగి ఉంటాయి. తేనె అడుగున ఉంటుంది. తేనెపిట్ట తేనె కోసం ముక్కు లోపలికి పెడితే పుప్పొడి ఒంటికి అంటుకుంటుంది. ఆ పుప్పొడితోనే ఇంకో చెట్టుకు పోతుంది. మోదుగకు కావలసింది అదే. చిలుకలు అంత ఓపిక పట్టవు, చాలాసార్లు పువ్వును తుంచి, కొరికి, కింద పడేస్తాయి. చెట్టు కింద పొద్దున పరిచినట్టుండే పువ్వుల్లో వాటి వాటా కూడా ఉంటుంది. పెద్దవాళ్లు ఈ పువ్వులు నానబెట్టి హోళీకి రంగు తీసేవాళ్లు. దీని ఆకులతోనే విస్తళ్లు కుట్టేవాళ్లు. మీలో ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు పెళ్లిళ్లలో ఆ విస్తరి మీద వేడి అన్నం పెట్టినప్పుడు వచ్చే వాసన గుర్తుండే ఉంటుంది.

సరే, ఇప్పుడు నాకు చాలాకాలం అర్థం కాని ఒక సంగతి. మనకు వానలు జూన్‌లో. మార్చి నుంచి మే దాకా నేల నెర్రెలిచ్చి ఉంటుంది. నీళ్లు లేని ఈ రోజుల్లోనే రావి చిగురేస్తుంది, వేప చిగురేస్తుంది, కానుగ నిగనిగలాడుతుంది. ఏ మొక్కైనా వాన పడ్డాక కదా ఆకు వేయాలి? మన ఆవరణలో గడ్డి అలాగే చేస్తుంది. చెట్లెందుకు ఎదురు నడుస్తున్నాయి?

దీనికి సమాధానం సగం ఆకు రాల్చడంలోనే ఉంది. చెట్టు నీళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఆకుల ద్వారానే. పాత ఆకులు రాల్చేస్తే ఆ ఖర్చు ఆగిపోతుంది. లోతుకు పోయిన వేళ్లు ఇంకా నీళ్లు తెస్తూనే ఉంటాయి. ఖర్చు లేదు, రాబడి ఉంది. మానులో, కొమ్మల్లో మళ్లీ నీరు నిండుతుంది. ఇటు పగటి పొద్దు రోజురోజుకూ పెరుగుతుంది. చాలా చెట్లు ఆ పెరుగుదలను బట్టే కాలం కనిపెడతాయి. వాన మొదటి చినుకు పడే నాటికి ఆకులు ముదిరి, పనికి సిద్ధంగా ఉంటాయి. వాన పడ్డాక ఆకు వేయడం మొదలుపెట్టిన చెట్టు అప్పటికే వెనకబడినట్టు. రైతు రోహిణి కార్తెలోపే నాగలి సరిచూసుకుంటాడు చూడండి, ఇదీ అంతే. ఇది తెలిశాక మార్చిలో ఒక్కో చిగురును చూసినప్పుడల్లా, ఈ చెట్టు మూడు నెలల తర్వాత వచ్చే వానకు ఇప్పుడే తయారవుతోందనిపిస్తుంది నాకు.

రావి చిగురు ఎర్రగా, రాగి రంగులో ఎందుకుంటుందని పిల్లలు అడుగుతారు. లేత ఆకులో పత్రహరితం ఇంకా నిండలేదు. ఆ ఎరుపునిచ్చే పదార్థం లేత ఆకును మండే ఎండ నుంచి కాపాడుతుందని, పురుగుల నుంచి కూడా కొంత రక్షణ ఇస్తుందని శాస్త్రవేత్తలు చెబుతారు. రేపు పొద్దున ఎండకు ఎదురుగా నిలబడి రావి చిగురును చూడండి. ఎండ ఆకులోంచి ఇటు దిగుతుంది. పల్చటి రాగి రేకు మీద ఎవరో నరాలు చెక్కినట్టుంటుంది. వారం రోజులే ఆ అందం. రెండో వారానికి ఆకుపచ్చ ఎక్కేస్తుంది.

ఇంకో చెట్టు గురించి చెప్పాలి, ఎందుకంటే దీన్ని అందరూ చూస్తారు, ఎవరూ గమనించరు. నెమలినార. ఈ నెలలో దాన్ని దూరం నుంచి చూస్తే లేత ఆకుపచ్చ చిగురు గుత్తులుగుత్తులుగా వేసిందనుకుంటాం. దగ్గరికెళ్లి ఒకటి తుంచి చూస్తే అది ఆకు కాదు. కాయ! రూపాయి బిళ్లంత, పల్చటి కాగితం లాంటి రెక్క, మధ్యలో గింజ. చెట్టు ఆకులు రాల్చేసి, ఆకు స్థానంలో కాయలు నింపుకుంది. ఎండలు ముదిరాక ఇవి గోధుమరంగుకు మారి గాలికి ఎగురుతాయి. ఏప్రిల్‌లో మీ బాల్కనీలోకి, కారు అద్దాల మీదికి వచ్చిపడే ఆ గుండ్రటి రెక్కలు ఇవే. మా మనవరాలు వాటిని అప్పడాలు అంటుంది. మీరూ ఒకటి గాల్లోకి వదిలి చూడండి, గిరగిరా తిరుగుతూ ఎంతదూరం పోతుందో.

వేప గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, ఉగాదికి పువ్వు కోసం అందరం చెట్టు కిందికి వెళ్తాం. ఒక్క మాట. ఈసారి పచ్చట్లో వేసే ముందు ఒక పువ్వును అరచేతిలో పెట్టుకుని చూడండి. అయిదు తెల్లటి రేకులు, మధ్యలో చిన్న గొట్టం. సాయంత్రం చెట్టు కింద నిలబడితే తేనె వాసన. ఆకు చేదు, కాయ చేదు, బెరడు చేదు, అదే చెట్టుకు ఇంత తియ్యటి వాసన.

ఇక కళ్లు మూసుకుని చూడాల్సినవి. ఏమండీ, నవ్వుతున్నారు? నిజమే చెబుతున్నాను. వసంతంలో పిట్టల్ని ముందు చెవులతో పట్టుకోవాలి. చెట్టు కింద నిలబడగానే రెండు నిమిషాలు కళ్లు మూసుకోండి. టుక్ టుక్ టుక్ అని ఆగకుండా, ఎక్కడో కంసాలి రేకు కొడుతున్నట్టు వినిపిస్తుంది. దాన్ని కంసాలి పిట్ట అని పిలిచినవాళ్ల చెవి ఎంత పదునైనదో చూడండి. నేను ఒకసారి గడియారం పెట్టి లెక్కపెట్టాను, నిమిషానికి వంద దాటింది. పిచ్చుకంత పిట్ట, ఆకుపచ్చ ఒళ్లు, నుదుట కుంకుమ పెట్టినట్టు ఎరుపు, పసుపు గొంతు. ఆకుల్లో కూర్చుంటే కళ్లముందే ఉన్నా కనపడదు. అందుకే ఆకులు లేని కొమ్మ చివర వెతకాలి, పొద్దున ఎండ కాచుకుంటూ అక్కడే కూర్చుంటుంది. కూసేటప్పుడు నోరు తెరవదు, గొంతు మాత్రం ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి కూత ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి వచ్చినట్టుంటుంది. ఆ మోసం తెలియక నేను మొదట్లో వారం రోజులు తప్పు చెట్టు కింద వెతికాను.

ఆ పిట్ట గూడు ఎక్కడ పెడుతుందో తెలుసా? ఎండిపోయిన కొమ్మలో. ముక్కుతో తొలిచి గుండ్రటి తొర్ర చేస్తుంది. చాలాసార్లు కొమ్మ అడుగు వైపు, వాన నీరు పడకుండా. పచ్చి కొమ్మ తొలవడం దానికి కష్టం, పుచ్చిన కొమ్మ కావాలి. మన అపార్ట్‌మెంట్ల ముందు, వీధి పార్కుల్లో ఎండు కొమ్మ కనిపిస్తే చాలు కొట్టించేస్తాం. ఎవరి నెత్తిన పడే ప్రమాదం ఉంటే కొట్టాల్సిందే, కాదనను. దూరంగా, ఎవరికీ అడ్డం లేని మూల ఉన్న ఎండుకొమ్మను వదిలేయండి. అది ఎవరో ఒకరికి ఇల్లు.

కోకిల సంగతికి వస్తున్నాను. మన కవులు మావిచిగురు తిని కోకిల కూస్తుందన్నారు. నేను ఇన్నేళ్లలో చూసినంత వరకు కోకిల ఎక్కువగా కనిపించేది మర్రి, రావి, మేడి పళ్ల మీద. పళ్లే దాని ముఖ్యమైన తిండి. మన పాటల్లో కూసే కోకిలమ్మ కూడా నిజానికి మగది. నిగనిగలాడే నలుపు, ఎర్రటి కళ్లు. ఆడది గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో వేరే పిట్టేమో అన్నట్టుంటుంది. అది కూ అనదు, కిక్ కిక్ కిక్ అని తొందరగా అరుస్తుంది. ఈ రెండు కూతలూ ఒక్కసారి చెవిన పడ్డాక ఇక మర్చిపోరు. కవులు తప్పు రాశారని నేననడం లేదు. మావి చిగురు వేసే కాలం, కోకిల కూత మొదలయ్యే కాలం ఒకటే కదా. వాళ్లు కాలాన్ని సరిగ్గానే పట్టుకున్నారు.

ఏప్రిల్ వచ్చేసరికి కాకులు పుల్లలు మోసుకెళ్లడం చూస్తారు. అప్పటి నుంచి నాటకం మొదలవుతుంది. మగ కోకిల కాకి గూటి దగ్గరికి వెళ్లి కూసి, కాకుల చేత తరిమించుకుంటుంది. ఆ సందులో ఆడది వెళ్లి గుడ్డు పెట్టి వస్తుందని ఎంతోమంది పరిశీలకులు రాశారు. నేను తరమడం చాలాసార్లు చూశాను, గుడ్డు పెట్టడం ఇంతవరకు చూడలేదు. ఈ ఏడాదైనా చూస్తానని ఆశ. జూన్, జులైలలో మాత్రం తన కంటే వేరేగా ఉన్న పిల్లకు కాకి నోట్లో ముద్ద పెట్టడం మన ఇళ్ల గోడల మీదే చూడొచ్చు.

తేనెపిట్ట గూడు గురించి కాస్త నిదానంగా చెప్తాను. ఇది పార్కులో కాదు, మా వరండాలో జరిగింది. బట్టలు ఆరేసే తీగ చివర ఒక పురికొస ముక్క వేలాడుతూ ఉండేది. ఫిబ్రవరిలో ఒకరోజు ఆడ తేనెపిట్ట వచ్చి దాన్ని పట్టుకుని వేలాడింది. ఒళ్లంతా బూడిద పచ్చ, కింద లేత పసుపు, నా బొటనవేలికి కాస్త పెద్దది. మర్నాడు సాలెగూడు తెచ్చింది. ముక్కు చుట్టూ దూదిలా చుట్టుకుని తెచ్చి పురికొసకు పూసింది. మా కిటికీ మూలల్లో ఉన్న సాలెగూళ్లే తీసుకుపోతోందని తర్వాత తెలిసింది. ఆ రెండు వారాలు మా ఇంట్లో బూజు దులపడం మానేశాం. ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు, గొంగళిపురుగు రెట్ట, ఒక చాక్లెట్ కాగితం ముక్క కూడా తెచ్చి సాలెదారంతో అతికించింది. పూర్తయ్యాక చూస్తే గాలికి కొట్టుకొచ్చి చిక్కుకున్న చెత్త లాగా ఉంది. శత్రువు కళ్లుగప్పడానికి అదే దాని ఉపాయం. ద్వారం పక్కకు ఉంది, పైన చిన్న చూరు లాగా కట్టింది. లోపల మెత్తటి దూది. కట్టినన్నాళ్లూ ఆడదే కట్టింది. నీలం, ఊదా కలిసి మెరిసే నల్లటి మగది ఎదురుగా కూర్చుని పాడేది. పిల్లలు వచ్చాక మాత్రం తనూ మేత తెచ్చింది. ఒకరోజు పొద్దున చూస్తే గూడు ఖాళీ. పిల్లలు ఎగిరిపోయాయి. నేను ఆ గూటిని తీయలేదు, వానాకాలంలో దానంతట అదే కరిగిపోయింది.

ఇక కిందికి చూద్దాం. మన దక్కన్ వసంతంలో అడవిపూలంటే పచ్చిక మీద పరుచుకున్న తివాచీలు కావు. మనకు పూలన్నీ పైన, చెట్ల మీద. నేల మీద పూసేవి గట్టివి, ముళ్లున్నవి, ఎండకు ఓర్చినవి. దారి పక్కన పసుపు పూలతో, ముళ్ల ఆకులతో నిలబడేది బలురక్కసి. ఇది మెక్సికో నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. బండల సందుల్లో నేలకు కరుచుకుని, ఆకు ఈనె మీద కూడా ముళ్లతో ఉండేది నేలవాకుడు. దాని పువ్వు చూడండి, వంకాయ పువ్వు లాగే ఊదారంగు, మధ్యలో పచ్చటి కేసరాలు. వంకాయకు దగ్గరి చుట్టమే అది.

ఈ నేలవాకుడు దగ్గర, తంగేడు దగ్గర మీరు చూడాల్సింది తుమ్మెదను. తంగేడు మన తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో మొదటి వరస దానిదే. పండగ ఆశ్వయుజంలో అయినా ఈ గుట్టల మీద మిగతా నెలల్లోనూ ఎంతోకొంత పూస్తూనే ఉంటుంది. ఈ రెండింటి పూలలో తేనె ఉండదు. పుప్పొడి సంచులు కూడా మిగతా పూలలా చీలి తెరుచుకోవు, చివర సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుంది, ఉప్పు డబ్బా మూతకు ఉన్నట్టు. పుప్పొడి రావాలంటే దులపాలి. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి కేసరాలను కౌగిలించుకుని, రెక్కలు ముడిచి, ఒళ్లంతా వణికిస్తుంది. ఎగురుతున్నప్పుడు వచ్చే చప్పుడు వేరు, పువ్వు మీద వాలగానే వచ్చే చప్పుడు వేరు. స్వరం ఒక్కసారిగా మారుతుంది. ఆ వణుకుకి పుప్పొడి పొగలా రాలి దాని ఒంటి మీద పడుతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. చెవి దగ్గరగా పెట్టి వినండి, తుమ్మెద మిమ్మల్ని ఏమీ చేయదు, దాని పనిలో అదుంటుంది.

పేర్ల గురించి ఒక మాట చెప్పాలని చాలా రోజులుగా ఉంది. పక్షుల పేర్లన్నీ ఇంగ్లిషులోనే నేర్చుకోవాలేమో అని చాలామంది అనుకుంటారు. వానాకాలానికి ముందు దక్షిణాది నుంచి ఉత్తరానికి వెళ్తూ మన ఊళ్లో కొన్నాళ్లు ఆగే పిట్ట ఒకటుంది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద నీలం, కంటి మీదుగా నల్ల గీత, పొట్ట కింద ఎరుపు. తెలుగులో పొన్నంగి పిట్ట. ఇంగ్లిషులో దాని పేరు ఇండియన్ పిట్టా. ఆ పిట్టా ఎక్కడిదనుకున్నారు? మన పిట్టే! ఫ్రెంచి పక్షిశాస్త్రవేత్త ఒకాయన 1816లో ఆ జాతికి శాస్త్రీయంగా పెట్టిన పేరు తెలుగు మాట నుంచి వచ్చింది. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఆ కుటుంబం పక్షులన్నిటినీ ప్రపంచమంతా తెలుగు మాటతోనే పిలుస్తోంది.

నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ అనే ఆయన 19వ శతాబ్దంలో పక్షుల గురించి రాస్తూ, వేటగాళ్లు, పల్లెవాళ్లు చెప్పిన తెలుగు పేర్లు కూడా ఓపికగా ఎక్కించారు. తోక కింద ఎర్రగా ఉండే బుల్‌బుల్‌ని పిగిలిపిట్ట అంటామని, తోక ఎత్తి దూకే నల్ల పిట్టను నల్లంచి అంటామని మనకు మనమే మర్చిపోతున్నాం. ఇంగ్లిషులో ఆయన పేరుతోనే జెర్డాన్స్ కోర్సర్ అని పిలిచే కలివికోడి అనే పక్షి ఇక లేదనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. దాన్ని వెతికిపెట్టింది స్థానికులే, వాళ్లకు దాని పేరూ తెలుసు, అది తిరిగే వేళా తెలుసు. మన నగరానికీ ఇలాంటి చరిత్ర ఉంది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931–32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆయన తిరిగిన నేల మీదే మనం నడుస్తున్నాం.

ఇప్పుడు కాస్త బాధ కలిగించే సంగతి. రెండేళ్ల కిందట మా దగ్గరి ఒక చిన్న పార్కులో, సరిగ్గా ఏప్రిల్ నెలలో, చెట్ల కొమ్మలు కొట్టించారు. కరెంటు తీగలకు తగులుతున్నాయన్నారు. తీగ వైపు కొమ్మలు కొడితే సరిపోయేది, చుట్టూ నరికేశారు. మధ్యాహ్నానికి కింద మూడు గూళ్లు. ఒకదానిలో పిగిలిపిట్ట గుడ్లు పగిలి ఉన్నాయి. ఆ జంట సాయంత్రం దాకా ఆ మొండి కొమ్మ మీద కూర్చుని అరుస్తూనే ఉంది. కొమ్మలు కొట్టడం తప్పనిసరైతే వానలు వెళ్లాక, గూళ్లు ఖాళీ అయ్యాక కొట్టొచ్చు. మీ కాలనీల్లో ఆ నిర్ణయం తీసుకునేవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. దయచేసి ఫిబ్రవరి నుంచి జులై దాకా గొడ్డలి ఆపించండి.

రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టడం కూడా అంతే. ఇందాక చెప్పిన పొన్నంగి పిట్ట చెట్టు మీద కాదు, నేల మీద మేస్తుంది. ఎండుటాకులు ముక్కుతో తిరగేసి పురుగులు ఏరుకుంటుంది. వందల మైళ్ల ప్రయాణంలో ఆగిన పిట్టకు మనం శుభ్రంగా ఊడ్చిన సిమెంటు చూపిస్తే ఏం తింటుంది? ఒక మూలైనా ఆకులు వదలండి. ఎరువు మీకు మిగులుతుంది, పొగ తప్పుతుంది.

ఎలా చూడాలో కూడా రెండు మాటలు. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపు. ఎండ మీ వీపు వైపు ఉండాలి, లేకపోతే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. బైనాక్యులర్స్ ఉంటే మంచిదే, లేకపోయినా మొదటి ఏడాది బాగానే గడుస్తుంది. మెర్లిన్ లాంటి యాప్‌లు కూత విని పేరు చెబుతాయి. వాడండి, కానీ ముందు మీరు విని, ఆ తర్వాత దాన్ని అడగండి. ఫోనులో కూతలు ప్లే చేసి పిట్టను రప్పించకండి. అది తన హద్దులోకి వేరే మగపిట్ట వచ్చిందనుకుని టెన్షన్ పడుతుంది, మేత మానేసి పోట్లాటకు వస్తుంది. పిట్ట తన పని ఆపి మీ వంక చూస్తోందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లినట్టు, రెండడుగులు వెనక్కి వేయండి. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, చెట్టు, చిగురా పువ్వా కాయా, ఎవరు వచ్చారు. సీజన్‌వాచ్ అని దేశమంతటా ఇదే పని చేసేవాళ్లున్నారు. ఒక చెట్టును ఎంచుకుని వారం వారం దాని సంగతి నమోదు చేస్తారు. స్కూలు పిల్లలు కూడా చేస్తున్నారు. మీరూ చేరొచ్చు.

గులాబీ గోరింకలు ఇంకా ఉన్నాయి, తొందరపడండి. మధ్య ఆసియా వైపు నుంచి చలికాలానికి ముందు వచ్చి, బూరుగు, మోదుగ పూసేదాకా ఉండి, ఏప్రిల్‌లో వెళ్లిపోతాయి. లేత గులాబీ ఒళ్లు, నల్లటి తల. ఒక్క చెట్టు మీద నూరు వాలితే ఆ గోల సంతను మరిపిస్తుంది.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా, గట్టిగా అడుగు.

అమ్మాయి అడుగుతోంది, మోదుగ పువ్వుకు వాసన ఎందుకు లేదని. అందరూ వాసన చూశారా? చూడండి, ఉండదు. మంచి ప్రశ్న అడిగావు. వేప పువ్వు దగ్గరికి వచ్చేది పురుగులు, వాటికి వాసన దారి చూపిస్తుంది. అందుకే వేప సాయంత్రం పూట గుబాళిస్తుంది, పువ్వు చిన్నదైనా ఫర్వాలేదు దానికి. మోదుగ దగ్గరికి వచ్చేది పిట్టలు. అవి కళ్లతో వెతుకుతాయి, దూరం నుంచి ఎరుపును పట్టుకుంటాయి. అందుకే మోదుగ వాసన మీద ఖర్చు పెట్టలేదు, రంగు మీద పెట్టింది, అడ్డం వచ్చే ఆకుల్ని కూడా రాల్చేసింది. బూరుగు కూడా ఇంతే. నీ చేతిలో ఉన్న ఆ పువ్వును ఇంటికి తీసుకెళ్లి పుస్తకంలో పెట్టు. రంగు కొంచెం ముదురుతుంది కానీ ఆ చిలుక ముక్కు అలాగే ఉంటుంది.

వచ్చే ఆదివారం వీలైనవాళ్లు ఆరింటికి గేటు దగ్గరికి రండి. మంచినీళ్లు తెచ్చుకోండి, తెల్ల బట్టలు వద్దు. నేను చెప్పిన మోదుగ దగ్గరికి వెళ్దాం. ఆలస్యం చేయొద్దు, ఎండ కొమ్మ మీదికి దిగేసరికి తేనెపిట్టలు వచ్చేసి ఉంటాయి.